నూరు మైళ్ల గుర్రపు స్వారీకి జనం ఎందుకు తగ్గుతున్నారు?

కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా కొండల్లో ఏటా వేసవిలో రెండు పెద్ద పోటీలు జరుగుతాయి. దారి చాలావరకు ఒకటే. ఒకటి గుర్రాల పోటీ, పేరు టెవిస్ కప్. 1955 నుంచి నడుస్తోంది. రెండోది మనుషుల పరుగు పందెం, వెస్టర్న్ స్టేట్స్. రెండింటి దూరమూ సుమారు నూరు మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు. ఇంచుమించు విజయవాడ నుంచి రాజమండ్రి. రెండూ ముగిసేది ఆబర్న్ అనే చిన్న ఊళ్లోనే. శాక్రమెంటో నుంచో బే ఏరియా నుంచో టాహో సరస్సు చూడటానికి ఐ-80 హైవే మీద వెళ్లే మన తెలుగు కుటుంబాలన్నీ ఆ ఊరు దాటుకునే వెళ్తాయి.

2024 పరుగు పందెం లాటరీకి దాదాపు పది వేల మంది పేర్లిచ్చారు. అక్కడ పరిగెత్తనిచ్చేది నాలుగు వందల లోపు మందినే. గుర్రాల పోటీకి మాత్రం ఇటీవలి సంవత్సరాల్లో రెండు వందల మంది కూడా బయల్దేరడం లేదు.

నిజానికి ఆ పరుగు పందెం గుర్రాల పోటీలోంచే పుట్టింది. గోర్డీ ఎయిన్స్‌లీ అనే రైడర్ 1973లో తన గుర్రం కుంటడంతో మధ్యలోనే ఆగిపోయాడు. మరుసటి ఏడు గుర్రం లేకుండానే వచ్చి, గుర్రాలతో పాటు బయల్దేరి, 23 గంటల 42 నిమిషాల్లో ఆబర్న్ చేరాడు. 1977లో మనుషుల కోసం తొలి అధికారిక పోటీ జరిగింది. ఇప్పుడు పిల్ల పోటీకి చోటు దొరక్క జనం ఏళ్ల తరబడి ఎదురు చూస్తుంటే, తల్లి పోటీ రైడర్ల కోసం చూస్తోంది.

ఎండ్యూరెన్స్ రైడింగ్, అంటే ఇలా గుర్రం మీద దూరాలు పోయే క్రీడ, తగ్గిపోతోందంటే సాధారణంగా వినిపించే మాట "ఈ కాలం వాళ్లకి ఓపిక లేదు" అని. పైన చెప్పిన లెక్క చూస్తే ఆ మాట నిలవదు. రాత్రంతా కొండలెక్కి దిగడానికి పది వేల మంది సిద్ధంగా ఉన్నారు. లోపం మనుషుల ఓపికలో లేదు, మనిషికీ గుర్రానికీ మధ్య ఉన్న దారిలో ఉంది. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ క్రీడ ఒకే చోట, ఒకే కారణంతో తగ్గడం లేదు. అమెరికా లాంటి చోట్ల మనుషులు, స్థలం, డబ్బు సరిపోక మెల్లగా సన్నగిల్లుతోంది. అంతర్జాతీయ పోటీల్లోనేమో గుర్రాల మరణాల వల్ల నమ్మకం పోతోంది. ఈ రెండూ కలిపి మాట్లాడితే ఏదీ అర్థం కాదు.

ముందు ఈ పోటీ ఎలా నడుస్తుందో చూద్దాం. వెండెల్ రోబీ అనే ఆబర్న్ వ్యాపారి, ఈ కాలపు గుర్రం కూడా ఒక్క రోజులో నూరు మైళ్లు పోగలదని చూపించడానికి 1955లో మరో నలుగురితో కలిసి బయల్దేరాడు. అప్పటి నుంచి నియమం ఒకటే: 24 గంటల్లో చేరాలి, చేరాక కూడా గుర్రం ఆరోగ్యంగా ఉండాలి. చేరిన ప్రతి ఒక్కరికీ బెల్టుకు పెట్టుకునే వెండి బకిల్ ఇస్తారు. బయల్దేరిన వాళ్లలో ఇంచుమించు సగం మందే దాన్ని అందుకుంటారు. 1972లో ఏర్పడిన అమెరికన్ ఎండ్యూరెన్స్ రైడ్ కాన్ఫరెన్స్, అంటే ఏఈఆర్‌సీ, పెట్టుకున్న నినాదం "పూర్తి చేయడమే గెలుపు". టెవిస్‌లో మొదట వచ్చిన వాళ్లకిచ్చే కప్పుతో పాటు, మొదటి పది గుర్రాల్లో అన్నిటికన్నా మంచి స్థితిలో ఉన్నదానికి 1964 నుంచి హ్యాగిన్ కప్ ఇస్తున్నారు. చాలామంది రైడర్లకు ఆ రెండోదే పెద్ద గౌరవం.

గుర్రం బాగుందో లేదో తేల్చేది పశువైద్యులు. దారిలో అక్కడక్కడా వెట్ చెక్‌లు, అంటే వాళ్లు గుర్రాన్ని ఆపి పరీక్షించే చోట్లు, ఉంటాయి. టెవిస్‌లో 36 మైళ్ల దగ్గర రాబిన్సన్ ఫ్లాట్ అనే చోట ఒక గంట తప్పనిసరి విరామం, 68 మైళ్ల దగ్గర ఫారెస్ట్‌హిల్‌లో ఇంకో గంట. రైడర్ దిగీ దిగగానే జీను తీసేస్తారు. మెడ మీద, ఛాతీ మీద స్పాంజితో నీళ్లు పోస్తారు. విశ్రాంతిలో నిమిషానికి నలభై లోపు కొట్టుకునే గుర్రం గుండె, కొండెక్కి వచ్చేసరికి వంద దాటి ఉంటుంది. అది అరగంటలో అరవై ప్రాంతానికి దిగాలి. దిగకపోతే పోటీ అక్కడితో సరి.

దిగాక అసలు పరీక్ష మొదలవుతుంది. డాక్టర్ పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కుతారు. తెల్లబడిన చోట ఒకటి రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు రావాలి. భుజం దగ్గర చర్మం పట్టి లాగి వదులుతారు. వెంటనే సర్దుకోకుండా మడతగా నిలిచిపోతే ఒంట్లో నీరు తగ్గినట్టు. పొట్టకు రెండు పక్కలా, పైనా కిందా స్టెతస్కోప్ పెట్టి పేగుల చప్పుడు వింటారు. నిశ్శబ్దంగా ఉంటే ప్రమాదం. ఆ తర్వాత పగ్గం పట్టుకుని గుర్రాన్ని తిన్నగా కొంత దూరం పరిగెత్తించి వెనక్కి తేవాలి. కుంటుతోందా, అడుగుల లయ తప్పుతోందా చూస్తారు. ఆ పరుగు మొదలైన నిమిషానికి మళ్లీ గుండె లెక్కపెడతారు. ముందటి కన్నా నాలుగైదు ఎక్కువ వచ్చిందంటే బయటికి బాగానే కనబడుతున్నా లోపల అలసిపోయిందన్నమాట.

ఇంత జాగ్రత్త ఎందుకంటే గుర్రం తనంతట తాను ఆగదు. దాని చెమటలో లవణాలు మన చెమటలో కన్నా చాలా ఎక్కువ. మనకు చెమట పడితే నీరు ఎక్కువగా, ఉప్పు తక్కువగా పోతుంది. అందుకే రక్తం చిక్కబడి దాహం వేస్తుంది. గుర్రానికి నీరూ ఉప్పూ కలిసే పోతాయి కాబట్టి రక్తం అంతగా చిక్కబడదు, దాహమూ వేయదు. ఎండలో గట్టిగా పని చేస్తే గంటకు పది పదిహేను లీటర్ల చెమట పోతుంది. అయినా తొట్టి దగ్గర నిలబెడితే తల తిప్పేసుకునే గుర్రాలుంటాయి. ఆ స్థితిలో ఇంకా పరిగెత్తిస్తే కండరాలు బిగుసుకుపోతాయి, పేగులు ఆగిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు దిగి తాను పక్కన నడవాలో తెలియడమే రైడర్ పనితనం. టెవిస్ లోయల్లో చాలామంది గుర్రం దిగి, దాన్ని ముందు పోనిచ్చి, తోక పట్టుకుని కొండెక్కుతారు.

ఈ తెలివి ఒక్క సీజన్లో రాదు. గుర్రం కూడా ఒక్క సీజన్లో తయారు కాదు. క్రమంగా నడిపిస్తే గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని నెలల్లో గట్టిపడతాయి. స్నాయువులు, ఎముకలు, గిట్టలు అంత దూరానికి అలవాటు పడటానికి రెండు మూడేళ్లు కావాలి. లోపల ఇంజను సిద్ధమైపోయి, కాళ్లు ఇంకా సిద్ధం కాని మధ్యకాలమే అన్నిటికన్నా ప్రమాదం. అందుకే టెవిస్‌లో ఆరేళ్లు నిండని గుర్రాన్ని రానివ్వరు. ఇవాళ ఒక యువతి ఈ క్రీడ మీద మనసు పడి గుర్రం కొనుక్కున్నా, మొదటి నూరు మైళ్లు తొక్కడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. పరుగు పందెంలో చేరాలనుకున్నవాడు ఈ సాయంత్రమే బూట్లు వేసుకుని బయటికి వెళ్లొచ్చు. ఇద్దరి మధ్యా ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

ఆ మూడు నాలుగేళ్లూ గుర్రాన్ని పోషించాలి. ఎండుగడ్డి, దాణా, ఆరేడు వారాలకోసారి లాడాలు, టీకాలు, పళ్లు అరగదీయించడం, దాన్ని ఎక్కించుకుపోవడానికి ట్రెయిలర్, ట్రెయిలర్ లాగడానికి పెద్ద పికప్ ట్రక్కు, డీజిల్. సొంత స్థలం లేకపోతే నెలనెలా గుర్రపుసాల అద్దె. పోటీ ఫీజు వీటన్నిటి ముందు చిన్నది. ఒకప్పుడు అమెరికా పల్లెల్లో పెరటి వెనక రెండు ఎకరాలుంటే మధ్యతరగతి ఇంట్లో కూడా గుర్రం ఉండేది. ఊళ్లు పెరిగి ఆ ఎకరాలు ఇళ్ల ప్లాట్లయ్యాయి. అమెరికన్ హార్స్ కౌన్సిల్ లెక్కల ప్రకారం 2005లో ఆ దేశంలో 92 లక్షల గుర్రాలుండేవి. 2017కు 72 లక్షలయ్యాయి. 2023 లెక్కకు 67 లక్షల దగ్గరికి దిగాయి. తగ్గుతున్నది ఎండ్యూరెన్స్ ఒక్కటే అనుకోవడం పొరపాటు. కింద నేలే కుంగుతోంది, పైనున్న ఈ క్రీడ దానితో పాటు దిగుతోంది.

ఇందులో అరబ్ గుర్రం కథ ప్రత్యేకం. పలుచని చర్మం, తేలికైన ఎముక, వేడిని తొందరగా వదిలించుకునే ఒళ్లు. దూరాలకు దాన్ని మించినది లేదు. వెండెల్ రోబీ ఎక్కినదీ అరబ్ గుర్రమే. 1980ల్లో అమెరికాలో డబ్బున్నవాళ్లు ఆదాయపు పన్ను తప్పించుకునే మార్గంగా ఈ గుర్రాల మీద పెట్టుబడి పెట్టారు. 1985లో ఒక్క ఏడాదే 30 వేల దాకా అరబ్ పిల్లలు రిజిస్టర్ అయ్యాయి. 1986లో పన్నుల చట్టం మారింది. తాము పని చేయకుండా డబ్బు మాత్రమే పెట్టినవాళ్లకు, పశుపోషణలో చూపించిన నష్టాన్ని వేరే ఆదాయంలోంచి తగ్గించుకునే వీలు పోయింది. ధరలు కుప్పకూలాయి. పెంపకందార్లకు అది పెద్ద దెబ్బ. మామూలు రైడర్లకు మాత్రం కొన్నేళ్లు పండగే, మేలు జాతి గుర్రం చవగ్గా దొరికింది. తొంభైల్లో ఈ పోటీలు కళకళలాడటానికి ఆ మిగులు సరుకు కూడా ఒక కారణమని నేను నమ్ముతాను. ఇప్పుడు ఏటా పుట్టే అరబ్ పిల్లలు ఆనాటి లెక్కలో చిన్న భాగం. ఆనాటి గుర్రాలు ఎప్పుడో పోయాయి.

తర్వాత పశువైద్యుల కొరత. వెట్ లేకుండా ఎండ్యూరెన్స్ పోటీ పెట్టడానికే లేదు. ఇక్కడ రైడర్ తర్వాత ముఖ్యమైన మనిషి డాక్టరే. అమెరికా అశ్వవైద్యుల సంఘం చెప్పిన ప్రకారం కొత్తగా పట్టా పుచ్చుకున్న వెట్లలో నేరుగా గుర్రాల వైద్యంలోకి వచ్చేవాళ్లు నూటికి ఒకరిద్దరు. ఇంకో నలుగురైదుగురు శిక్షణ కోసం చేరతారు. అలా వచ్చినవాళ్లలో సగం మంది ఐదేళ్లలోపే కుక్కలూ పిల్లుల ఆస్పత్రికి మారిపోతారు, లేదా వృత్తే మానేస్తారు. కారణాలు తెలిసినవే. అర్ధరాత్రి ఫోన్లు, దూరాభారం ప్రయాణాలు, చదువు అప్పులు, తక్కువ జీతం. శని, ఆదివారాలు కొండల మీద రెండు రోజులు నిలబడే వెట్ దొరక్క పోటీ మానుకోవాల్సి వస్తే తప్పు ఎవరిదని అనగలం?

పోటీ పెట్టేవాళ్ల కష్టం బయటికి కనిపించదు. నూరు మైళ్ల దారి ఒకరి చేతిలో ఉండదు. కొంత అటవీ శాఖది, కొంత స్టేట్ పార్కుది, కొంత ప్రైవేటు భూమి. ఒక్కొక్కరి దగ్గరా అనుమతి తీసుకోవాలి, బీమా చూపించాలి. ముందువారం వెళ్లి చెట్లకు రిబ్బన్లు కట్టాలి, పడిన మానులు తొలగించాలి, నీళ్లు లేని చోటికి తొట్లు మోయించాలి. సెల్‌ఫోన్ అందని లోయల్లో ఏ గుర్రం ఎక్కడుందో చెప్పడానికి సరదాగా సొంత రేడియో నడిపే హామ్ రేడియో వాళ్లను కూర్చోబెట్టాలి. ఇదంతా జీతం లేని పని. ఏళ్ల తరబడి మోసిన మనిషి డెబ్బై దాటి ఇక నా వల్ల కాదంటే, ఆ పని అందుకునే చేయి లేక ఆ పోటీ కేలండర్‌లోంచి మాయమవుతుంది. దగ్గర్లోని పోటీ పోతే రైడర్ ఇంకో మూడు గంటలు ఎక్కువ ట్రక్కు నడపాలి. ఈసారికి వద్దులే అనుకుంటాడు. అలా పక్క పోటీకీ జనం తగ్గుతారు.

వాతావరణం సరేసరి. 2008లో అడవి మంటల వల్ల టెవిస్ జరగలేదు. 2011లో కొండల మీద మంచు కరగక అక్టోబరుకు జరిపారు. 2022 సెప్టెంబరులో వచ్చిన మస్కీటో ఫైర్ అనే అడవి మంట ఆ దారిలో కొంత భాగాన్ని కాల్చేసింది.

ఇదంతా ఒక పక్క. అంతర్జాతీయ పోటీల కథ, ముఖ్యంగా గల్ఫ్ ఎడారి పోటీల కథ, వేరు.

అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య ఎఫ్‌ఈఐ ఎండ్యూరెన్స్‌ను తన గొడుగు కిందికి తీసుకుంది. 1986లో మొదటి ప్రపంచ పోటీ ఇటలీలో జరిగింది. తర్వాత గల్ఫ్ దేశాల రాజకుటుంబాలు ఈ క్రీడను ఎంతో ఇష్టంగా అందుకున్నాయి. అరబ్ గుర్రం వాళ్ల గుర్రం, ఆ ఇష్టాన్ని తప్పుపట్టలేం. చిక్కు వేగం దగ్గర వచ్చింది. కొండలు, రాళ్లు, నదులు దాటే టెవిస్‌లో మొదటి గుర్రం చేరడానికే పద్నాలుగు గంటల పైన పట్టడం మామూలు. చదును చేసిన ఇసుక ట్రాక్ మీద అదే 160 కిలోమీటర్లు ఆరేడు గంటల్లో అయిపోతుంది. అంటే గంటకు పాతిక కిలోమీటర్ల దాకా. పక్కనే కార్లలో మనుషులు వెంటపడుతూ నీళ్ల సీసాలు అందిస్తారు. గుర్రం పెద్ద సాలకు చెందినది, రైడర్ జీతానికి ఎక్కినవాడు. నాలుగేళ్లు కూర్చుని దాని కాళ్లను, కడుపును, మనసును చదువుకున్న మనిషి ఆ జీను మీద ఉండడు. ఆ వేగంలో ఒకే రకం దెబ్బ పదే పదే తగిలిన ఎముక ఒక రోజు పరుగు మధ్యలో విరిగిపోతుంది.

2014లో ఫ్రాన్స్‌లో జరిగిన ప్రపంచ అశ్వక్రీడల్లో 173 గుర్రాలు బయల్దేరితే 38 మాత్రమే పూర్తి చేశాయి. ఒక గుర్రం చెట్టును గుద్దుకుని చనిపోయింది. 2015 మార్చిలో గుర్రాల సంక్షేమం, నియమాల ఉల్లంఘన విషయంలో ఎఫ్‌ఈఐ యూఏఈ జాతీయ సమాఖ్యను సస్పెండ్ చేసి, కొత్త ఒప్పందం తర్వాత జులైలో ఎత్తేసింది. 2020లో మళ్లీ సస్పెండ్ చేసింది. 2018లో అమెరికాలోని ట్రయాన్‌లో ప్రపంచ పోటీ దారి గందరగోళంతో మొదలై, ఉక్కపోత, ఎండల మధ్య సగంలోనే రద్దయింది. బయల్దేరిన 95 గుర్రాల్లో 53కు చికిత్స చేయాల్సి వచ్చింది, ఒక గుర్రం దక్కలేదు. గుర్రాల గురించి ఏమీ తెలియని మామూలు మనిషికి ఎండ్యూరెన్స్ అనగానే టీవీలో కనపడేది ఇలాంటి వార్తే. ఆ మనిషి కూతురు స్వారీ నేర్చుకుంటానంటే గుర్రంతో లయగా అడుగులు వేయించే డ్రెస్సాజ్‌కో, అడ్డంకులు దూకించే జంపింగ్‌కో పంపుతాడు గానీ దీనికి పంపడు.

ఈ రెండు ప్రపంచాల మధ్య ఇంకో లంకె ఉంది. ఫ్రాన్స్, ఉరుగ్వే, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో చిన్న రైడర్లు తయారుచేసిన మంచి గుర్రాలను గల్ఫ్ సాలలు పెద్ద ధర పెట్టి కొన్నాయి. పెంపకందారుకు అది బతుకుతెరువు, కాదనను. కానీ నాలుగేళ్లు పెంచిన గుర్రం మీద ప్రపంచ పోటీకి వెళ్లాలని కలగన్న అమ్మాయి, ఆ ధర చూశాక గుర్రాన్ని అమ్ముకుని ఆటలోంచే తప్పుకుంటే, అక్కడ మిగిలేదేమిటి?

దారి లేదని కాదు. అబూదాబీలోని బుతీబ్ అనే పోటీల కేంద్రంలోనే ఒక నమూనా ఉంది. అక్కడ 2015 ప్రాంతం నుంచి వేగం గంటకు 20 కిలోమీటర్లు మించకూడదనీ, చెక్ దగ్గర గుండె 56కు దిగాలనీ కట్టుబాటు పెట్టారు. పెట్టాక పూర్తి చేసే గుర్రాలు పెరిగాయి. ఎడారిలో, అదే డబ్బుతో, అదే జాతి గుర్రాలతో అది సాధ్యమైంది. అయినా దాన్ని ప్రపంచమంతటికీ నియమంగా చేయలేదు. మొదట చేయాల్సింది అదేనని నా అభిప్రాయం.

గుర్రం సొంతం కాకపోయినా జనం వస్తారనడానికి కూడా సాక్ష్యం ఉంది. 2009లో మొదలైన మంగోల్ డెర్బీలో వెయ్యి కిలోమీటర్లు పోవాలి. గుర్రాన్ని సుమారు నలభై కిలోమీటర్లకోసారి మారుస్తారు, అన్నీ అక్కడి పశుపాలకులవే. ఫీజు లక్షల్లో ఉన్నా దేశదేశాల నుంచి వస్తారు. మన దేశంలోనూ ఇదే కనిపిస్తుంది. కేరళ మూలాలున్న నిదా అంజుమ్ 2023లో ఫ్రాన్స్‌లో జరిగిన యువ రైడర్ల ప్రపంచ పోటీలో 120 కిలోమీటర్లు పూర్తి చేసిన తొలి భారతీయురాలు. ఆమె ఈ ఆట నేర్చుకున్నది దుబాయ్‌లో. హైదరాబాద్‌లో గుర్రం అంటే మలక్‌పేట రేసులు, లేదంటే పోలీసు కవాతు. ఇక్కడ ఒక పిల్లకు దూరపు స్వారీ మీద మనసు పుడితే వెళ్లి నేర్చుకునే చోటు సులువుగా దొరకదు.

అమెరికాలో ఇప్పుడు పాతిక, ముప్ఫై ఐదు మైళ్ల చిన్న పోటీలు, పది పదిహేను మైళ్ల పరిచయ స్వారీలు పెడుతున్నారు. పాత రైడర్లలో కొందరికి ఇది నచ్చదు. పాతిక మైళ్లు ఎండ్యూరెన్సే కాదంటారు. వాళ్ల బాధ అర్థమవుతుంది, వాళ్లు చూసింది నూరు మైళ్ల రాత్రులు. అయినా నేను చిన్న పోటీల పక్షమే. రెండు మూడు గుర్రాలున్న పాత రైడర్, తనకిక నూరు మైళ్లు కుదరని వయసులో, ఒక గుర్రాన్ని ఆ పాతిక మైళ్లకు కొత్త పిల్లకు అప్పిస్తే, ట్రక్కూ ట్రెయిలరూ గడ్డి బిల్లూ లేకుండానే ఆ పిల్ల మొదటి వెట్ చెక్‌లో పగ్గం పట్టుకుని నిలబడుతుంది. చిగురు ఎలా నొక్కాలో, పేగుల చప్పుడు ఎలా ఉండాలో అక్కడే నేర్చుకుంటుంది. ఇలా అప్పు గుర్రాల మీద తొక్కే అలవాటు ఈ క్రీడలో ఇప్పటికే ఉంది, కానీ అంతా తెలిసినవాళ్ల మధ్యే జరిగిపోతోంది. పోటీ దరఖాస్తులోనే "గుర్రం ఇవ్వగలరా?", "గుర్రం కావాలా?" అని రెండు గళ్లు పెట్టడానికి అడ్డేముంది?